క్రూజ్ షిప్‌లో ఎంటర్‌టైన్‌మెంట్ హోస్ట్ ఆఫర్ వచ్చింది. అసలు అక్కడ పని ఏంటి?

#1 కొత్తకెరటం

అందరికీ నమస్తే. ఒక క్రూజ్ షిప్‌లో ఎంటర్‌టైన్‌మెంట్ హోస్ట్ ఉద్యోగానికి ఎంపికయ్యానని ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. కాంట్రాక్ట్ 6 నెలలు. చిన్నప్పటి నుంచీ డాన్స్ నేర్చుకున్నాను, రెండేళ్లుగా ఈవెంట్లకి యాంకరింగ్ చేస్తున్నాను. ఇంట్లో వాళ్లు "ఓడలో డాన్సులెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా" అంటున్నారు. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు.

రోజూ స్టేజీ ఎక్కాలా? వారానికి ఒక సెలవైనా ఉంటుందా? ఇంకోటి, మెయిల్‌లో మంటలు ఆర్పడం, లైఫ్‌బోట్ శిక్షణ అని రాశారు. మైకు పట్టుకునేవాళ్లకి మంటలతో పనేంటి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

#2 పైబంకు

కంగ్రాట్స్ అమ్మా. 4 కాంట్రాక్టులు చేశాను. మొదటి 3 హోస్ట్‌గా, చివరిది అసిస్టెంట్ క్రూజ్ డైరెక్టర్‌గా.

ముందు నీ పెద్ద అనుమానం తీరుస్తా. హోస్ట్‌కి స్టేజీ డాన్స్ ఉండదు. రాత్రిపూట థియేటర్లో తళుకుల డ్రెస్సుల్లో కనిపించేవాళ్లని ప్రొడక్షన్ కాస్ట్ అంటారు. వాళ్ల ఆడిషన్ వేరు, కాంట్రాక్ట్ వేరు. నువ్వు వేసే డాన్స్ ఏంటంటే, పూల్ పక్కన వందమందికి లైన్ డాన్స్ నేర్పించడం. సగంమంది ఎడమకి అంటే కుడికి తిరుగుతారు. నువ్వు వాళ్లకి ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలాగా అన్నీ తిరగేసి చెయ్యాలి. నోరు ఎడమ అంటుంటే కాలు కుడికి వెయ్యడం నాకు రెండు వారాలకి గానీ పట్టుబడలేదు.

డిపార్ట్‌మెంట్ మొత్తానికి పెద్ద క్రూజ్ డైరెక్టర్. పొద్దున్నే స్పీకర్లలో వినిపించే గొంతు ఆ మనిషిదే. కింద అసిస్టెంట్, యాక్టివిటీస్ మేనేజర్, ఆ కింద మనలాంటి హోస్ట్‌లు. పక్కనే కాస్ట్, బ్యాండ్, డీజే, సౌండ్-లైట్ టెక్నీషియన్లు, పిల్లల విభాగం. కంపెనీని బట్టి పేర్లు మారతాయి, పని మాత్రం దాదాపు ఇదే.

పోర్ట్‌లో ఆగని రోజుని సీ డే అంటారు. నాకు గుర్తున్న ఒక సీ డే: 9 గంటలకి లైబ్రరీలో సుడోకు కాగితాలు పెట్టడం. 10కి ట్రివియా (అంటే జనరల్ నాలెడ్జ్ క్విజ్). 11కి నాప్‌కిన్ మడతల క్లాసు (వెనక వరసలో ఒకాయన నాకంటే బాగా మడిచి నా పరువు తీశాడు). 1కి పూల్ గేమ్స్. 3కి బింగో (మన హౌసీ లాంటి నంబర్ల ఆట) టికెట్లు అమ్మడం. 4:30కి మళ్లీ ట్రివియా. సాయంత్రం థియేటర్ తలుపు దగ్గర నిలబడి లోపలికి పంపడం. 10కి కరోకే. అర్ధరాత్రి సైలెంట్ డిస్కో (స్పీకర్లు లేకుండా, ఎవరి హెడ్‌ఫోన్‌లో వాళ్లు పాట వింటూ ఆడేది) హెడ్‌ఫోన్లు పంచడం, తిరిగి వెనక్కి లెక్కపెట్టుకోవడం. ఆ లెక్క ఎప్పుడూ సరిపోదు.

వారాంతపు సెలవు అనేది మర్చిపో. వారంలో 7 రోజులూ డ్యూటీ ఉంటుంది, మధ్యలో గంటల చొప్పున ఖాళీ దొరుకుతుంది. పోర్ట్ రోజున సగం పూటైనా బయటికెళ్లి కాళ్లు చాపుకోవచ్చు. అదీ నీకు ఇన్-పోర్ట్ మ్యానింగ్ పడకపోతేనే. షిప్ రేవులో ఉన్నా సిబ్బందిలో కొంతమంది షిప్ మీదే ఉండి తీరాలి. ఆ వంతు తిరుగుతూ ఉంటుంది.

మంటల సంగతి ఇంకెవరైనా రాస్తారేమో చూద్దాం. నేను రాస్తే పెద్దదవుతుంది.

#3 ఫైవ్‌సిక్స్‌సెవెన్

నేను కాస్ట్‌లో డాన్సర్‌ని, ఇప్పుడు కాంట్రాక్టుల మధ్య ఖాళీలో ఉన్నా. పైబంకు గారు చెప్పింది నిజమే, కానీ మా వైపు అంతా తళుకులే అనుకోకండి.

షిప్ ఎక్కకముందే కొన్ని వారాలు నేల మీద స్టూడియోలో రిహార్సల్స్ ఉంటాయి. రెండు మూడు షోలు ఒకేసారి నేర్పేస్తారు. తర్వాత షిప్ మీద మా ముందు బ్యాచ్ దిగేలోపు స్టేజీ అలవాటు చేసుకోవాలి. షో ఉన్న రాత్రి అదే షో రెండు సార్లు వేస్తాం. ఒకరికి దెబ్బ తగిలితే వేరే మనిషి తీరం నుంచి రాడు కదా. ఉన్నవాళ్లతోనే వరసలు మార్చి లాగించాలి. అందుకే ఒక్కొక్కరం రెండు మూడు స్థానాలు నేర్చుకుని ఉంటాం.

చాలా షిప్‌లలో థియేటర్ ముందు భాగంలో ఉంటుంది. అలలకి ముక్కు పైకీ కిందకీ ఊగేది అక్కడే ఎక్కువ. నేను గాల్లోకి ఎగిరినప్పుడు నేల ఒక ఎత్తులో ఉంది, దిగేసరికి అది నా కోసం పైకి వచ్చేసింది. మోకాలు అంతవరకూ ముడుచుకోలేదు, దబ్బున తగిలింది. ఇంకోసారి నేల కిందకి జారిపోయింది, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు. అలాంటి రాత్రుల్లో డాన్స్ కెప్టెన్ వచ్చి "ఈరోజు ఎగరడాలు లేవు, ఎత్తుకోవడాలు లేవు, హీల్స్ లేవు" అని చెప్తుంది. గాల్లో వేలాడే ఐటమ్‌లు మొత్తం తీసేస్తారు. ప్రేక్షకులకి తేడా తెలియకూడదు, అంతే.

#4 బాల్కనీగది

నేను ప్రయాణికుణ్ణి. ఇప్పటికి 7 క్రూజ్‌లు వెళ్లాను. ఈ ఉద్యోగం చేసేవాళ్ల మీద గౌరవం ఉంది కాబట్టి కోప్పడకుండా అడుగుతున్నాను. సముద్రం చూద్దామని వెళ్తే, పూల్ దగ్గర ఎవరు ఎక్కువ నీళ్లు చిమ్ముతూ పొట్ట మీద పడతారో పోటీ ఎందుకండీ? రొమ్ము మీద వెంట్రుకలెవరికి ఎక్కువ అని ఇంకో పోటీ. పది నిమిషాలకోసారి మైకులో బింగో అని కేక. మనిషిని కాసేపు ఊరికే కూర్చోనివ్వరా?

#5 పైబంకు

బాల్కనీగది గారూ, ఆ పోటీలకి మైకు పట్టుకున్న పాపం నాదే, క్షమించండి. 😀

కానీ ఒక మాట. ఆ ప్రోగ్రాం కాగితం సరదా కోసం ఎంత రాస్తారో, జనాన్ని కదపడానికి కూడా అంతే రాస్తారు. ఈ సంగతి నాకు మూడో కాంట్రాక్ట్‌లో అర్థమైంది. పెద్ద షిప్‌లో ఐదారు వేలమంది ప్రయాణికులు. అందరూ ఒకేసారి డైనింగ్ హాల్‌కి వస్తే సర్దలేరు. రాత్రి షో రెండుసార్లు వేసేది అందుకే. ఒక సగం తింటుంటే ఇంకో సగం థియేటర్లో ఉంటారు, తర్వాత తారుమారు. మొదటి షో 10 నిమిషాలు ఆలస్యమైతే వంటగదిలో గొడవ మొదలవుతుంది. మేం తలుపుల దగ్గర నవ్వుతూ "ఇటు రండి" అంటున్నామంటే అది పలకరింపే, కాదనను. దానితోపాటు బయటికొచ్చే గుంపు, లోపలికెళ్లే గుంపు మెట్ల మీద ఢీకొనకుండా చూడటం కూడా. మధ్యాహ్నం భోజనాల రద్దీ టైముకి పూల్ దగ్గర ఆ పొట్ట పోటీ ఎందుకు పెడతారో ఇప్పుడు ఊహించుకోండి.

బింగో గురించి మీరు అన్నది మాత్రం నిజమే. టికెట్లు అమ్ముడుపోవాలని మా మీద ఒత్తిడి ఉంటుంది. కేకలు అందుకే. అది నాకూ నచ్చేది కాదు.

ఊరికే కూర్చోవాలంటే షిప్ వెనక భాగంలో కింది డెక్కులు చూడండి. మా స్పీకర్లు అక్కడికి సరిగ్గా వినిపించవు. నేనీ మాట చెప్పానని ఎక్కడా అనకండి.

#6 నల్లటేపు

సౌండ్ టెక్నీషియన్‌ని. నావి రెండు ముక్కలు.

స్టేజీ మీద చక్రాలున్న వస్తువేదైనా కట్టేసి ఉంచాలి. ఒకసారి రిహార్సల్‌లో డ్రమ్ రైజర్ (డ్రమ్స్ పెట్టే చక్రాల వేదిక) లాక్ వేయడం మర్చిపోయారు. అది తనంతట తనే మెల్లగా కీబోర్డ్ వైపు నడిచింది. వాయించేవాడు తల ఎత్తకుండా అలాగే వాయిస్తున్నాడు, నేను కేబుళ్లు దూకుతూ పరిగెత్తాను.

రెండోది, ఓపెన్ డెక్. షిప్ కదులుతుంటే గాలి మైకులోకి దూరి హోరుమంటుంది. హోస్ట్‌లు మైకు నోటికి దూరంగా పట్టుకుని "వినిపిస్తోందా" అంటారు. వినిపించేది గాలి ఒక్కటే. మైకు తల పెదవికి దగ్గరగా పెట్టుకో, గుప్పిట్లో మూసెయ్యకు. కొత్తకెరటం గారూ, ఇది ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, మీ టెక్నీషియన్ మీకు టీ తెచ్చిస్తాడు.

#7 శృతిపెట్టె

బ్యాండ్ వాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. షిప్ బ్యాండ్‌లో చేరాలంటే నోట్స్ చూసి అప్పటికప్పుడు వాయించడం రావాలి. బాగా వాయిస్తే చాలదు. గాయకులు, మెజీషియన్లు, కమెడియన్లు లాంటి అతిథి కళాకారులు ఒక పోర్ట్‌లో ఎక్కి రెండు మూడు రోజుల తర్వాత ఇంకో పోర్ట్‌లో దిగిపోతారు. మధ్యాహ్నం ఒక్క రిహార్సల్, రాత్రికి షో. కాగితాలు పంచుతూ "మూడో పేజీ వదిలేయండి, నాలుగో పేజీ రెండుసార్లు" అంటారు. షోలో వాళ్లే మర్చిపోయి మూడో పేజీ పాడతారు.

#8 గోరువెచ్చని

మధ్యలో దూరుతున్నందుకు సారీ. కడుపులో తిప్పదా మీకందరికీ? నేను పడవ ఎక్కితే చాలు, కడుపు తిప్పి పడుకోవాల్సిందే.

#9 ఫైవ్‌సిక్స్‌సెవెన్

తిప్పుతుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. షో నడుస్తుంటే తెలియదు, వింగ్‌లోకి (స్టేజీ పక్కన తెర చాటుకి) వచ్చి ఆగగానే తెలుస్తుంది. స్టేజీ పక్కన చెత్తబుట్ట అందుకే ఉంటుంది. ఖాళీ కడుపుతో ఉండకండి, గదిలో పడుకుని ఫోన్ చూడకండి.

#10 చిట్టిచేతులు

పిల్లల విభాగంలో 2 కాంట్రాక్టులు చేశాను. మాకు మైకు కంటే రిజిస్టర్ ముఖ్యం. వయసుల వారీగా గదులు వేరు. ఎవరు దింపారు, ఎవరు తీసుకెళ్లొచ్చు, దేనికి అలర్జీ ఉంది, అన్నీ రాసుకున్నాకే పిల్ల లోపలికి వస్తుంది. తాతయ్య వచ్చి ఎంత బతిమాలినా పేరు లేకపోతే పంపం. ఉద్యోగంలో చేర్చుకునే ముందు నేరచరిత్ర తనిఖీ చేస్తారు.

కొత్తకెరటం అడిగిన మంటల ప్రశ్న మా గదిలోనే మొదలవుతుంది. అలారం మోగితే తల్లిదండ్రులు పిల్లల కోసం మా గదికి, పిల్లలు తల్లిదండ్రుల కోసం గదుల వైపు పరిగెత్తితే నడవల్లో తొక్కిసలాటే. అందుకే చిన్నపిల్లల చేతికి బ్యాండ్ కడతాం, దాని మీద వాళ్లు చేరాల్సిన మస్టర్ స్టేషన్ (ప్రమాదంలో అందరూ గుమికూడే చోటు) గుర్తు ఉంటుంది. డ్రిల్‌లో పిల్లలని తాడు పట్టించి వరసగా నడిపించేది నేనే. ఒక నాలుగేళ్ల పిల్ల లైఫ్‌జాకెట్ వేసుకుని "ఇప్పుడు నేను బాతునా?" అని అడిగింది. అవునన్నాను. క్రూజ్ అంతా బాతులాగే నడిచింది.

#11 లంగరు

డెక్ ఆఫీసర్‌గా ప్రయాణికుల నౌకల్లో పనిచేస్తున్నాను. శిక్షణ గురించి స్పష్టంగా చెప్తాను.

నౌక మీద ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఏదో ఒక భద్రతా శిక్షణ తప్పనిసరి. ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రాథమిక కోర్సులో నీళ్లలో ప్రాణాలు కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత ఉంటాయి. ప్రయాణికుల నౌకలో దీనికి తోడు గుంపుల్ని అదుపు చేసే శిక్షణ. కొన్ని కంపెనీలు ముందే చేసి రమ్మంటాయి, కొన్ని నౌక మీదే నేర్పుతాయి.

2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్ ఇటలీ తీరంలో రాయిని ఢీకొని ఒరిగింది. 32 మంది చనిపోయారు. అదే సాయంత్రం ఎక్కిన ప్రయాణికులకి అప్పటికి డ్రిల్ కాలేదు. ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి నిబంధన. ఆ తర్వాత సోలాస్ అనే, సముద్రంలో ప్రాణరక్షణకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని సవరించారు. 2015 జనవరి 1 నుంచి నౌక బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్ జరగాలి. అత్యవసర సంకేతం 7 పొట్టి కూతలు, 1 పొడుగు కూత. అది వినిపిస్తే మీ ఎంటర్‌టైన్‌మెంట్ హోస్ట్‌లలో చాలామంది పేర్ల జాబితా పట్టుకుని మస్టర్ స్టేషన్‌లో నిలబడతారు.

హోస్ట్‌లకి ఆ పని ఎందుకిస్తారని కొత్త ఆఫీసర్లు కూడా అడుగుతుంటారు. ప్రయాణికులకి నా ముఖం తెలియదు, నా గొంతు తెలియదు. ట్రివియా అడిగిన అమ్మాయి "కూర్చోండి" అంటే కూర్చుంటారు. ఒక రాత్రి లాండ్రీలో పొగ వచ్చింది. 20 నిమిషాల్లో అయిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ 20 నిమిషాలూ ఒక స్టేషన్‌లో రెండువందలమందిని ఒక కరోకే హోస్ట్ కదలకుండా ఉంచింది. పాట పాడి కాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, జాబితాలో టిక్ పెడుతూ.

#12 కొత్తకెరటం

అందరికీ చాలా థాంక్స్. లంగరు గారి పోస్టు ఇంట్లో చదివి వినిపించాను, నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టే.

ఒక విషయం ముందే చెప్పాల్సింది. ఏజెన్సీ వాళ్లు ప్రాసెసింగ్ ఫీజు, ప్లేస్‌మెంట్ ఫీజు అని డబ్బు అడిగారు. 3 రోజుల్లో కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామన్నారు. ఇది మామూలేనా?

#13 పైబంకు

కట్టకు!! ఒక్క పైసా కూడా కట్టకు.

#14 లంగరు

మామూలు కాదు. 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది) ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. హోస్ట్ కూడా ఆ లెక్కలో నావికురాలే. మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, సీమన్ బుక్ (నావికుల గుర్తింపు పుస్తకం) లాంటివి మన ఖర్చు కావచ్చు. వీసా ఖర్చు నౌక యజమానిది. కాంట్రాక్ట్ ముగిశాక ఇంటికి పంపే ఖర్చు కూడా యజమానిదే.

కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీ తెరిచి, ఈ ఏజెన్సీ పేరు వాళ్ల అధికారిక జాబితాలో ఉందో లేదో చూడండి. ఆ మెయిల్‌లోని నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోకండి, అది వాళ్లదే అయి ఉంటుంది.

పని గంటల సంగతి కూడా చెప్తాను. ఏ 24 గంటల్లో చూసినా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లో చూసినా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చెయ్యకూడదు, ఒక ముక్క కనీసం 6 గంటలు. లేదా పని వైపు నుంచి లెక్కేస్తే రోజుకి 14, వారానికి 72 మించకూడదు. నౌక ఏ దేశంలో నమోదైందో ఆ దేశం ఈ రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకుంటుంది.

#15 పైబంకు

కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి, లంగరు గారూ. పేరు చెప్పను గానీ, నా రెండో కాంట్రాక్ట్‌లో మా సూపర్‌వైజర్ నెలాఖరున గంటల షీటు ముందు పెట్టి "ఎర్ర గడి కనిపించకుండా సర్దు" అనేవాడు, అంటే గంటలు మించినట్టు కనపడకూడదని. సైలెంట్ డిస్కో 1:30కి అయితే 12కి అయినట్టు రాయించేవాడు. నేను 23 ఏళ్లవాణ్ణి, సంతకం పెట్టేశాను. రెండు నెలలు పెట్టాను. మూడో నెల నిద్ర లేక బింగోలో పిలవని నంబర్ పిలిచేశాను. ఒకావిడ గెలిచానని లేచి నిలబడి డాన్స్ చేసింది. ఆవిడకి కాదని చెప్పాల్సి వచ్చింది. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

అందరూ అలాంటివాళ్లే ఉండరు. తర్వాతి షిప్‌లో గంటలు దాటుతుంటే మేనేజరే నన్ను పనిలోంచి పంపేసేది.

#16 లంగరు

ఆ షీటు మీద మీ సంతకం ఎందుకు అడుగుతారంటే, దానికి మీరూ సాక్షి అని. కాపీ మీకు ఇవ్వాలి. తప్పుగా ఉంటే సంతకం పెట్టకండి, కాపీ దాచుకోండి. నౌక మీదే ఫిర్యాదు చేసే పద్ధతి కూడా రాతపూర్వకంగా ఉండాలని అదే ఒప్పందం చెప్తుంది.

#17 బాల్కనీగది

ఇదంతా చదివాక బింగో మీద నా కోపం కొంచెం తగ్గింది. కొంచెమే. ట్రివియా మీద మాత్రం తగ్గలేదు. పోయిన క్రూజ్‌లో ప్రపంచంలో అతిపెద్ద ఎడారి ఏదని అడిగారు. అంటార్కిటికా అని రాశాను. హోస్ట్ కాగితంలో సహారా అని ఉంది. ఎడారి అంటే వాన పడని చోటు, ఇసుక ఉండాలని ఎక్కడా లేదు!

#18 పైబంకు

హహ. ఆ ప్రశ్న ఉన్న కాగితం నాకు తెలుసు. ఒక్క కీచెయిన్ కోసం రెండు టీములు నా ముందు అరుచుకున్నాయి, 70 ఏళ్ల పెద్దమనిషి నా చేతిలో పెన్ను లాక్కున్నాడు. కొత్తకెరటం, విను. జవాబు నీ కాగితంలో తప్పని తెలిసినా మైకులో వాదించకు. "రెండూ ఒప్పుకుంటాను" అని ఇద్దరికీ పాయింటు ఇచ్చెయ్. రాత్రి ఆ కాగితంలో దిద్ది పెట్టు, తర్వాత వచ్చే హోస్ట్ నిన్ను దీవిస్తుంది.

బాల్కనీగది గారూ, మీరు రాసిందే కరెక్ట్. కీచెయిన్ బాకీ.

#19 కొత్తకెరటం

అప్‌డేట్. కంపెనీ సైట్‌లో చూశాను, ఆ ఏజెన్సీ పేరు లేదు. కంపెనీకే రాశాను, వాళ్లకి సంబంధం లేదని జవాబు వచ్చింది. డబ్బు కట్టలేదు. రెండు రోజులు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా. తర్వాత అదే సైట్‌లో నేరుగా అప్లై చేశాను. వచ్చే వారం వీడియో ఇంటర్వ్యూ. 2 నిమిషాల వీడియో పంపమన్నారు, ఏదైనా ఒక ఆట నడిపిస్తూ. ఏం చెయ్యను?

#20 పైబంకు

డాన్స్ వీడియో పంపకు. ఇంట్లో ఐదుగుర్ని కూర్చోబెట్టి ట్రివియా పెట్టు. వాళ్లలో ఒకరు ఆసక్తి లేకుండా ఫోన్ చూస్తూ ఉండాలి, నిజంగానే. ఆ మనిషిని ఇబ్బంది పెట్టకుండా ఆటలోకి ఎలా తెస్తావో కెమెరాకి కనిపించాలి. మీ నాన్నగారు సరిపోతారేమో చూడు.

#21 నల్లటేపు

మైకు లేకపోతే గరిటె పట్టుకో. పెదవికి దగ్గరగా.

#22 ఫైవ్‌సిక్స్‌సెవెన్

నల్లటి మెత్తని బూట్లు రెండు జతలు ఇప్పుడే కొని ఇంట్లో తొడిగి తిరుగు. కొత్త బూట్లతో షిప్ ఎక్కితే మొదటి రోజే గ్యాంగ్‌వే (షిప్‌లోకి ఎక్కే దారి) దగ్గర ఐదు గంటలు నిలబడి లిఫ్ట్ ఎటో చూపిస్తూ ఏడుస్తావ్.

#23 కొత్తకెరటం

నాన్న ఒప్పుకున్నారు. ఫోన్ చూస్తూ కూర్చోవడానికి. ఎడారి ప్రశ్న అడిగితే మాత్రం సహారా అనే చెప్తానంటున్నారు.